బ్లో గన్ ఎంపిక, వాడకం: విశాఖ ఉప్పుగాలిలో పనిచేసేవాళ్లకు పూర్తి మార్గదర్శి

ఆటోనగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా ఒక మూల కంప్రెసర్, గోడకి తగిలించిన నీలం రంగు పీయూ (పాలీయురథేన్ అనే ప్లాస్టిక్) పైపు, దాని చివర గాలి చిమ్మి దుమ్ము దులిపే ఒక బ్లో గన్ కనిపిస్తాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునే పనిముట్టు అదే, కొనేటప్పుడు అన్నిటికంటే తక్కువ ఆలోచించేదీ అదే. షాపుకెళ్లి "ఒక గన్ ఇవ్వండి" అంటే చేతికందింది ఇచ్చేస్తారు, మనం తెచ్చి బిగించేస్తాం. నెల తిరక్కుండానే ట్రిగ్గర్ దగ్గర గాలి కారుతుంది, దుమ్ముతో పాటు నీళ్లు చిమ్ముతాయి, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు గన్ బాగోలేదని ఇంకోటి కొంటాం.

చాలాసార్లు తప్పు గన్‌లో ఉండదు. గాలిలో ఉన్న నీళ్లు, గాలి ప్రెజర్, గాలి బయటికొచ్చే నాజిల్, ఈ మూడింట్లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టి గన్ దాకా వస్తాను, వరస తప్పకుండా చదవండి. కంప్రెసర్ ఇప్పటికే ఉన్నవాళ్లు కూడా మొదటి భాగం దాటేయొద్దు, ఎందుకంటే మన ఊళ్లో అసలు గొడవంతా అక్కడే ఉంది.

మొదటి పని: మీ కంప్రెసర్ ఎంత గాలి ఇస్తుందో చూసుకోండి

కంప్రెసర్ మీద రెండు అంకెలు ఉండొచ్చు. ఒకటి పిస్టన్ లెక్క ప్రకారం లాగే గాలి, రెండోది నిజంగా బయటికి ఇచ్చే గాలి. రెండోదే మనకి కావాలి, అది మొదటిదానికంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. చిన్న పిస్టన్ కంప్రెసర్లలో హెచ్‌పీకి మూడున్నర నాలుగు సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) వస్తుందనుకుంటే లెక్క పెద్దగా తప్పదు. అంటే 2 హెచ్‌పీ మెషీన్ ఏడు సీఎఫ్ఎం పైచిలుకు, లీటర్లలో చెప్పాలంటే నిమిషానికి రెండు వందల లీటర్లు ఇస్తుంది.

ఇప్పుడు గన్ ఎంత తాగుతుందో చూడండి. 7 బార్ ప్రెజర్ దగ్గర 2 మి.మీ. రంధ్రం ఉన్న మామూలు నాజిల్ దాదాపు 10 సీఎఫ్ఎం లాగేస్తుంది. అదే 3 మి.మీ. అయితే 20 సీఎఫ్ఎం దాటిపోతుంది. రంధ్రం వ్యాసం రెట్టింపైతే గాలి నాలుగు రెట్లు పోతుంది, అందుకే కంటికి చిన్న తేడాలా కనిపించేది కరెంటు బిల్లులో పెద్ద తేడాగా వస్తుంది. 2 హెచ్‌పీ కంప్రెసర్ పెట్టుకుని 3 మి.మీ. నాజిల్ గన్ వాడేవాళ్లకి ట్యాంకులో నిలవున్న గాలి ఉన్నంతసేపే జోరు, ఆ తర్వాత ప్రెజర్ పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది.

అదే 2 మి.మీ. నాజిల్‌కి ప్రెజర్ 2 బార్‌కి దించితే నాలుగు సీఎఫ్ఎంతో సరిపోతుంది. 1 హెచ్‌పీ మెషీన్ కూడా దాదాపు తట్టుకుంటుంది. దుమ్ము దులపడానికి 2 బార్ చాలదని చాలామంది అంటారు, కానీ మంచి నాజిల్ పెట్టి సరైన కోణంలో పట్టుకుంటే ముప్పాతిక వంతు పనులకి చాలు.

రెండో పని: నీళ్లు

విశాఖలో కంప్రెసర్ వాడేవాళ్లకి నేను ఏ ఒక్కటి చెప్పాలన్నా ఇదే చెప్తాను. మన ఉక్కపోత సంగతి మనకి తెలుసు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 7 బార్‌కి కుదిస్తే ఎనిమిదో వంతు చోటుకి ముడుచుకుపోతుంది, కానీ అంత చోటులో అన్ని నీళ్లు ఆవిరిగా ఉండలేవు. గాలి 35 డిగ్రీలకి చల్లారేసరికి ఆ 24 గ్రాముల్లో 19 దాకా నీళ్లయి కిందపడాల్సిందే. 2 హెచ్‌పీ మెషీన్ ఆగకుండా తిరిగితే గంటకి పావు లీటరు దగ్గర్లో నీళ్లన్నమాట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచే షెడ్డులో అది లీటర్లకి లీటర్లు అవుతుంది.

ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? కొన్ని ట్యాంకు అడుగున చేరతాయి, లోపలినుంచి తుప్పు పట్టిస్తాయి. మిగతావి వేడి గాలితో పాటు పైపులోకి వెళ్లి, అక్కడ చల్లారి, గన్ నొక్కినప్పుడు మీరు దులుపుతున్న వస్తువు మీద పడతాయి. పాలిష్ చేసిన షాఫ్ట్ మీద సాయంత్రం పడిన చుక్కలు పొద్దున్నకి తుప్పు మరకలై కనిపిస్తాయి, అసలే ఉప్పుగాలి కాబట్టి ఇంకా త్వరగా.

అందుకని ఇవి చేయండి. ట్యాంకు కింద ఉండే డ్రెయిన్ కాక్ రోజూ పని అయ్యాక కొద్దికొద్దిగా తిప్పి నీళ్లు పోయేదాకా వదలండి. ప్రెజర్ కొంచెం ఉండగా వదిలితే మురికి కూడా కొట్టుకుపోతుంది, మొహం మాత్రం దూరంగా పెట్టండి. మర్చిపోతామనుకునేవాళ్లు తనంతట తానే నీళ్లు వదిలే ఆటో డ్రెయిన్ పెట్టించుకోండి, షెడ్డులో ఎక్కువ చేతులు పడే చోట అది తప్పనిసరి అంటాను, ఎందుకంటే అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుంది.

తర్వాత వాటర్ సెపరేటర్, అంటే గిన్నె ఉన్న ఫిల్టరు. దీన్ని చాలామంది కంప్రెసర్ పక్కనే బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీళ్లు ఇంకా ఆవిరిగానే ఉంటాయి, ఆవిరిని ఈ ఫిల్టరు పట్టలేదు. కనీసం ఐదారు మీటర్ల పైపు తర్వాత, గాలి చల్లారాక, మీరు గన్ వాడే చోటికి దగ్గర్లో పెట్టండి. అదే ఫిల్టరు, అదే ఖర్చు, పనితీరులో మాత్రం చాలా తేడా వస్తుంది. గిన్నె పారదర్శక ప్లాస్టిక్‌ది అయితే థిన్నర్, పెట్రోల్ తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి, ప్రెజర్ మీద పగుళ్లు వచ్చిన గిన్నె పేలిపోతుంది. మెటల్ గార్డు ఉన్నది తీసుకోవడం మంచిది.

షెడ్డులో గోడ వెంబడి లైను వేయిస్తున్నట్టయితే పైపుని మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలు పెట్టి, చివర్లో డ్రెయిన్ కాక్ ఇవ్వండి. గన్‌కి వచ్చే కనెక్షన్ని మెయిన్ పైపు పైభాగం నుంచి తీసి వంచి కిందకి దించాలి. కింద నుంచి తీస్తే మెయిన్ పైపులో నీళ్లన్నీ నేరుగా మీ గన్‌లోకే దిగుతాయి.

ఇంకో మాట, దీన్ని గట్టిగానే చెప్తున్నాను. నీళ్ల కోసం వాడే పీవీసీ పైపుని గాలి లైనుకి వేయొద్దు. చవక, అతికించడం తేలిక అని చిన్న షెడ్లలో వేసేస్తున్నారు. నీళ్ల పైపు పగిలితే నీళ్లు కారతాయి, అంతే. గాలి పైపు పగిలితే లోపల కుదించిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి ముక్కల్ని కత్తుల్లా విసురుతుంది. వేడికి, ఎండకి, కంప్రెసర్ నూనెకి పీవీసీ పెళుసెక్కుతుంది కూడా. ఇప్పటికే వేసి ఉంటే ముందు అది మార్చండి, గన్ తర్వాత కొనొచ్చు.

మూడో పని: ప్రెజర్ తగ్గించండి

ట్యాంకులో 7, 8 బార్ ఉంటుంది, అదంతా గన్‌కి ఇవ్వక్కర్లేదు. మధ్యలో రెగ్యులేటర్ ఉండాలి. 7 బార్ నుంచి 4కి దించితే ఖర్చయ్యే గాలి మూడో వంతుకి పైగా తగ్గుతుంది. రెగ్యులేటర్ని సెట్ చేసేటప్పుడు గన్ నొక్కి పట్టుకుని గేజ్ చూడండి. గాలి కదలకుండా ఉన్నప్పుడు చూపించే అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, పని చేస్తున్నప్పుడు ఎంత ఉందనేదే లెక్క. గన్ వదిలాక కూడా ఒకసారి చూడండి, ఆ అంకె దేనికి ముఖ్యమో ఇప్పుడు చెప్తాను.

భద్రత వైపు నుంచి చూస్తే గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 30 పీఎస్ఐ, అంటే దాదాపు 2 బార్. అమెరికాలో కార్మిక భద్రతా నిబంధన ప్రకారం శుభ్రం చేయడానికి వాడే గాలి 30 పీఎస్ఐ లోపే ఉండాలి, అదీ రజను ఎగిరిపడకుండా అడ్డు, కళ్లద్దాల్లాంటి రక్షణ ఉంటేనే. ఇక్కడ చూడాల్సింది నాజిల్ చివర మూసుకుపోయినప్పుడు లేచే ప్రెజర్‌ని. నాజిల్ ఎవరి చర్మానికో ఆనినా లోపలికి దూసుకెళ్లేంత ప్రెజర్ అక్కడ లేవకూడదని దాని ఉద్దేశం. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, రెగ్యులేటర్నే 2 బార్ లోపు పెట్టడం. రెండు, పక్కన రంధ్రాలున్న సేఫ్టీ నాజిల్ వాడటం, దాంట్లో ముందువైపు మూసుకుపోయినా గాలి పక్కలనుంచి తప్పించుకుంటుంది కాబట్టి లైనులో ప్రెజర్ ఎక్కువున్నా చివర్లో లేవదు.

మన దగ్గర కూడా 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్లోనే ముక్కలు ఎగిరే పనుల్లో కళ్లకి రక్షణ ఇవ్వాలని ఉండేది. అదే చట్టం మూడో షెడ్యూల్లో చెప్పిన వృత్తి వ్యాధుల జాబితాలో సిలికోసిస్ (రాతిదుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉండేది, శబ్దం వల్ల వచ్చే చెవుడు కూడా ఉండేది. ఒక మామూలు బ్లో గన్‌ని అజాగ్రత్తగా వాడితే ఈ రెంటికీ దారి వేసినట్టే.

నాలుగో పని: పైపు, కప్లర్, మర

గన్ ఎంత మంచిదైనా సన్నటి పొడవాటి పైపు చివర పెడితే ఊపిరాడదు. షాపులో పీయూ పైపుని బయటి కొలతతో అడుగుతారు, పనికొచ్చేది మాత్రం లోపలి కొలత. 8 మి.మీ. పైపుకి లోపల 5, 10 మి.మీ. పైపుకి లోపల ఆరున్నర, 12కి లోపల 8 ఉంటుంది. 5 నుంచి ఆరున్నరకి మారితే అదే గాలికి పైపులో పోయే ప్రెజర్ మూడో వంతు కంటే తక్కువైపోతుంది. బల్ల దగ్గర చిన్న పనులకి 8 మి.మీ. చాలు. ఐదు మీటర్లు దాటితే 10 తీసుకోండి, లారీ చుట్టూ తిరిగే పనైతే 12. స్ప్రింగులా చుట్టుకునే కాయిల్ పైపు బల్ల మీద వేలాడదీయడానికి బాగుంటుంది, నేల మీద ఈడ్చడానికి మాత్రం పనికిరాదు, కాళ్లకి తగులుతుంది.

పైపుని గన్నుకి కలిపే కప్లర్లకి 20 ఎస్ఎం, 20 పీఎం లాంటి పేర్లుంటాయి, అవి కొత్తవాళ్లని గాబరా పెడతాయి కానీ తెలిస్తే సులువు. మొదటి అక్షరం ఎస్ అంటే సాకెట్, పీ అంటే దాంట్లో దూరే ప్లగ్. రెండో అక్షరం ఎం అంటే బయటి మర, ఎఫ్ అంటే లోపలి మర, హెచ్ అంటే రబ్బరు పైపులోకి దూర్చి క్లిప్పు వేసేది. ముందున్న 20 అనే అంకె పావు అంగుళం సైజు. గన్‌కి వెనక పావు అంగుళం లోపలి మర ఉంటే 20 పీఎం కావాలి, పైపు చివర సాకెట్ కావాలి. సాకెట్ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి, ఎందుకంటే ఊడదీసినప్పుడు గాలిని ఆపే వాల్వు దాంట్లోనే ఉంటుంది. తిరగేసి పెడితే ప్లగ్ తీయగానే పైపు పాములా కొట్టుకుంటుంది.

ఆన్‌లైన్లో బయటి దేశం గన్ తెప్పించుకునేవాళ్లు మర చూసుకోవాలి. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా బ్రిటిష్ కొలత మర బీఎస్‌పీ, అమెరికా సరుకుకి ఎన్‌పీటీ ఉంటుంది. పావు అంగుళంలో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకున్నట్టే ఉంటుంది, గట్టిగా తిప్పితే మర పాడవుతుంది, గాలి మాత్రం కారుతూనే ఉంటుంది.

టెఫ్లాన్ టేపు మర చివర మీ వైపు చూసేలా పట్టుకుని కుడివైపుకి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. మొదటి మర ఖాళీ వదలండి, లేదంటే టేపు ముక్క తెగి గన్ వాల్వులోకి పోయి కూర్చుంటుంది. మూడు చుట్లు చాలు. బిగించాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఒక్క మిల్లీమీటరు కన్నం 7 బార్ దగ్గర నిమిషానికి అరవై డెబ్భై లీటర్ల గాలి వదిలేస్తుంది, అంటే మీ 2 హెచ్‌పీ మెషీన్ ఇచ్చే గాలిలో మూడో వంతు.

ఐదో పని: గన్ ఎంచుకోవడం

ఇప్పుడు షాపుకి వెళ్లండి. రూపంలో మూడు రకాలు కనిపిస్తాయి. పిస్టల్లా ట్రిగ్గర్ ఉన్నది, గొట్టం మీద పొడవాటి లివర్ ఉన్నది, బొటనవేలితో నొక్కే చిన్నది. రోజంతా వాడేవాళ్లకి లివర్ రకం మంచిది, నాలుగు వేళ్లమీద బరువు పంచుకుంటుంది కాబట్టి చెయ్యి నొప్పి పుట్టదు. లేత్ పక్కన అప్పుడప్పుడూ వాడటానికి పిస్టల్ రకం చాలు. బొటనవేలి రకం చౌక, చిన్న పనులకి పర్వాలేదు, ఎక్కువసేపు నొక్కి పట్టుకోలేరు.

చేతిలోకి తీసుకుని ట్రిగ్గర్ని మెల్లగా నొక్కి చూడండి. కొన్ని గన్లు నొక్కినకొద్దీ గాలి పెంచుతాయి, కొన్ని తెరిస్తే మొత్తం లేకపోతే ఏమీ లేదు అన్నట్టుంటాయి. నొక్కినకొద్దీ పెంచేదే తీసుకోండి. షాపులో గాలి లైను ఉంటే తగిలించి చూపించమని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. వదలగానే గాలి పూర్తిగా ఆగాలి. ట్రిగ్గర్ని నొక్కి ఉంచేసే లాక్ ఉన్న గన్ అసలు కొనొద్దు, చేతిలోంచి జారి పడితే దాన్ని ఆపేవాళ్లుండరు.

బాడీ సంగతికొస్తే, లోపలి ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకి జింక్ పోత గన్ ఏళ్ల తరబడి వస్తుంది. మనకి ఫిషింగ్ హార్బర్ దగ్గర, మల్కాపురం, వన్‌టౌన్ వైపు షెడ్లలో దాని పైపూత పొక్కులు లేచి, లోపలి ఉక్కు స్ప్రింగు తుప్పు పట్టి ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. నైలాన్ బాడీ, లోపల ఇత్తడి వాల్వు, స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉన్నది ఉప్పుగాలికి నిలుస్తుంది. ప్లాస్టిక్ అని తీసిపారేయకండి, చేతికి చల్లగా కూడా తగలదు. సిమెంటు నేల మీద తరచూ పడేసే చోట మాత్రం అల్యూమినియం బాడీ మేలు.

ఆరో పని: నాజిల్, అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

రెండు గన్లు కొనే డబ్బుంటే ఒక గన్, రెండు నాజిల్స్ కొనండి. నాజిల్ మర ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అందుకే గన్ కొన్నచోటే నాజిల్స్ కూడా బిగించి చూసి తీసుకోండి.

మామూలు సూటి గొట్టం నాజిల్ జోరుగా ఉంటుంది, ఎక్కువ అరుస్తుంది, ఎక్కువ గాలి తాగుతుంది, చర్మానికి ఆనితే ప్రమాదం. దీన్ని రెగ్యులేటర్ 2 బార్ లోపు ఉన్నప్పుడే వాడాలి. పక్క రంధ్రాల సేఫ్టీ నాజిల్ మొదటి కొనుగోలుగా సరైనది. మూడోది గాలి పొదుపు నాజిల్. దాని ఆకారం వల్ల కొద్దిపాటి గాలి వేగంగా బయటికొస్తూ చుట్టూ ఉన్న గది గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. కంప్రెసర్ గాలి తక్కువ ఖర్చయి బయటికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటుంది, శబ్దం బాగా తగ్గుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ రోజుకి గంటలకొద్దీ గాలి కొట్టే చోట ఇది తప్ప వేరేది పెట్టడం దండగ. లెక్క వేసుకోండి: 2 హెచ్‌పీ మోటారు గంటకి ఒకటిన్నర యూనిట్, రోజుకి నాలుగు గంటలు తిరిగితే ఆరు యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రోజుకి 42 రూపాయలు, పాతిక పనిరోజుల నెలకి వెయ్యి రూపాయల పైనే. గాలి సగం ఆదా అయితే ఆ నాజిల్ తన డబ్బు తానే తెచ్చుకుంటుంది.

పొడవాటి గొట్టం రకం 10 సెంటీమీటర్ల నుంచి 30 దాకా దొరుకుతుంది. ఇంజిన్ సందుల్లోకి, రేడియేటర్ వెనక్కి చెయ్యి పట్టనిచోట అవసరం, పైగా మొహం దూరంగా ఉంటుంది. రబ్బరు చివర ఉన్న నాజిల్ మూసుకుపోయిన సన్నటి దారుల్ని ఊదడానికి, అది రంధ్రాన్ని పూర్తిగా మూసేస్తుంది కాబట్టి ప్రెజర్ బాగా తగ్గించి వాడాలి, ఒంటి దరిదాపుల్లోకి రానివ్వకూడదు. చదునైన నాజిల్ బల్లలు, షీట్లు ఒకేసారి తుడిచినట్టు ఊదడానికి.

చిప్ గార్డు అని గుండ్రటి పారదర్శకపు పళ్లెం దొరుకుతుంది, నాజిల్ గొట్టం మీదకి ఎక్కిస్తారు. ఎగిరే రజనుని అది మొహం దాకా రానివ్వదు. లేత్, డ్రిల్లింగ్ పనులవాళ్లు తప్పకుండా తీసుకోండి. దాంతోపాటు పక్కలు కూడా మూసుండే కళ్లద్దాలు. మామూలు చూపు కళ్లజోడు రక్షణ కాదు, పక్కనుంచి రజను దూరుతుంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిస్తే తప్ప వినబడట్లేదంటే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాల్సినంత శబ్దం ఉందని అర్థం.

ఆయిలర్, అంటే గాలిలో నూనె కలిపే లూబ్రికేటర్ గురించి ఒక్క మాట. ఫిల్టరు, రెగ్యులేటర్, లూబ్రికేటర్ మూడూ కలిసిన ఎఫ్ఆర్ఎల్ సెట్టు మీ దగ్గరుంటే బ్లో గన్ కనెక్షన్ని లూబ్రికేటర్ కంటే ముందే తీయండి. ఆ నూనె ఇంపాక్ట్ రెంచికి కావాలి, గన్‌కి అక్కర్లేదు. పెయింట్ వేయబోయే రేకు మీద నూనె గాలి కొడితే రంగు చేపకళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

ఏడో పని: వాడటం

ముందు కళ్లద్దాలు. తర్వాత గన్‌ని నేలవైపు పెట్టి ఒకటి రెండుసార్లు నొక్కి, పైపులో నిలిచిన నీళ్లేమైనా ఉంటే బయటికి పోనివ్వండి. ఎదురుగా, గాలి వెళ్లే దిక్కున ఎవరూ లేరని చూసుకోండి. వస్తువుకి నిటారుగా కాకుండా ఏటవాలుగా, మీకు దూరంగా తోసేలా కొట్టండి. ఒక జాన దూరం నుంచి మొదలుపెట్టి కావాలంటే దగ్గరికి తెచ్చుకోండి. ఆగకుండా నొక్కి పట్టుకోవడం కంటే చిన్న చిన్న దఫాలుగా నొక్కితే దుమ్ము బాగా లేస్తుంది, గాలీ మిగులుతుంది.

అవతలి వైపు దారి లేని మర రంధ్రాల్లో జాగ్రత్త. ట్యాప్ చేశాక, అంటే మర కోశాక, అడుగున కూలెంటు, రజను కూర్చుని ఉంటాయి. పైనుంచి గాలి కొడితే వెళ్లే దారి లేక అవన్నీ తిరిగి సూటిగా మీ మొహం మీదకే లేస్తాయి. సన్నటి గొట్టం నాజిల్‌ని రంధ్రం అడుగుదాకా దించి, చుట్టూ గుడ్డ కప్పి, అప్పుడు నెమ్మదిగా నొక్కండి.

లేత్ బెడ్డు మీద, సీఎన్‌సీ స్లైడ్ల మీద గాలి కొట్టడం చూస్తుంటే నాకు బాధేస్తుంది. సన్న రజను వైపర్ల కిందకి, బేరింగుల్లోకి తోసుకుపోయి లక్షల మెషీన్ని అరగదీస్తుంది. అక్కడ బ్రష్షు, కొక్కెం, గుడ్డ వాడండి, గన్‌ని ఊడదీసిన పార్టుకే ఉంచండి.

బైకు, కారు పనుల్లో గన్ బాగా అక్కరకొచ్చేది స్పార్క్ ప్లగ్ దగ్గర. ప్లగ్ విప్పకముందే దాని చుట్టూ గుంటలో ఉన్న ఇసుక ఊదేస్తే విప్పినప్పుడు సిలిండర్లో పడదు. కార్బొరేటర్ జెట్లు ఊదేటప్పుడు ముందు ఫ్లోటు, డయాఫ్రం తీసేయండి, లేదంటే గాలి జోరుకి డయాఫ్రం చిరుగుతుంది. కడిగిన బేరింగుని గాలితో గిర్రున తిప్పి సరదాపడటం అందరికీ అలవాటే, మానుకోండి. గ్రీజు లేకుండా ఆ వేగంలో తిరిగితే గుండ్లు గీతలు పడతాయి, కేజ్ విడిపోతే గుండ్లు ఎగురుతాయి.

లారీల ఎయిర్ ఫిల్టరు పోర్టు రోడ్లమీద తిరిగే బళ్లకి తరచూ నల్లబడుతుంది. లోపలినుంచి బయటికి, 2 బార్ దాటకుండా, కాగితం మడతల వెంబడి పైకీ కిందకీ ఊదండి. తర్వాత లోపల టార్చి పెట్టి చీకట్లో చూడండి, ఎక్కడైనా చుక్కలా వెలుగు బయటికొస్తే కాగితం చిరిగినట్టే, ఇక మార్చాలి. లోపల ఉండే చిన్న సేఫ్టీ ఫిల్టరుని ఊదకూడదు, పాడైతే మార్చడమే. రేడియేటర్ని ఫ్యాను వైపునుంచి ముందుకి ఊదండి, గాలి రెక్కలకి సూటిగా ఉండాలి, పక్కకి కొడితే అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి.

ఇంట్లో వాడుకోవాలనుకునేవాళ్లకి: బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఏసీ బయటి యూనిట్ల మీద పేరుకునేది ఉత్త దుమ్ము కాదు, ఉప్పు. ఉప్పు గాలికి పోదు, నీళ్లకి కరుగుతుంది. కరెంటు తీసేసి ముందు మంచినీళ్లతో నెమ్మదిగా కడిగి, ఆ తర్వాత తక్కువ ప్రెజర్ గాలితో ఆరబెట్టండి. కంప్యూటర్, లాప్‌టాప్ శుభ్రం చేయడానికే అయితే కంప్రెసర్ కొనొద్దు, చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ చాలు, దాంట్లో నీళ్ల భయం ఉండదు. ఏది వాడినా ఫ్యాను రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని ఊదండి, లేకపోతే పరిమితికి మించి తిరిగి పాడవుతుంది.

అస్సలు చేయకూడనివి

సాయంత్రం పని దిగేముందు ఒంటి మీద, బట్టల మీద గాలి కొట్టుకోవడం ఆపండి. ఆటోనగర్‌లో ప్రతి షెడ్డులో ఇది ఉంది. గాలి చిన్న గాయంలోంచి చర్మం కిందకి దూరగలదు, రక్తనాళంలోకి బుడగ పోతే ప్రాణం మీదకొస్తుంది. బట్టల దుమ్ము బ్రష్షుతో దులుపుకోండి, లేదా వాక్యూమ్ వాడండి.

ఒకరిమీద ఒకరు సరదాకి గాలి కొట్టుకోవడం సరదా కాదు. వెనకనుంచి పాయువు దగ్గర గన్ పెట్టి నొక్కితే పేగులు పగిలి చనిపోయిన కేసులు మన దేశంలో చాలానే నమోదయ్యాయి. పోయినవాళ్లలో చిన్న వయసు కుర్రాళ్లున్నారు. షెడ్డు యజమానులు కొత్తగా చేరిన కుర్రాడికి స్పానర్ పట్టుకోవడం నేర్పకముందే ఈ సంగతి చెప్పాలి, బట్టల మీద నుంచి కొట్టినా అంతే ప్రమాదమని అర్థమయ్యేలా చెప్పాలి.

గ్రానైటు, టైల్సు కోసిన దుమ్ముని గాలితో ఎగరేయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వెనక్కి రాదు. తడిపి తుడవండి. పాత బ్రేక్ షూల దుమ్మూ అంతే, దాంట్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పెట్రోల్, థిన్నర్ నిలవున్న ట్యాంకులోకి, డ్రమ్ములోకి గాలి కొట్టొద్దు, ఆవిరి లేస్తుంది, నిప్పురవ్వ చాలు.

కంట్లో ఏదైనా పడితే నలపకండి. దుమ్మయితే శుభ్రమైన నీళ్లతో కడగండి. గుచ్చుకుని ఉంటే తీయడానికి ప్రయత్నించకుండా, నొక్కకుండా కప్పి, వెంటనే ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాలి చర్మంలోకి పోతే బయటికి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువుండొచ్చు, చుట్టూ వాచి వేలితో నొక్కితే కరకరలాడినట్టుంటుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకి వెళ్లి "ప్రెజర్ గాలి ఒంట్లోకి వెళ్లింది" అని స్పష్టంగా చెప్పండి, చిన్న గాయంలా కట్టు కట్టించుకుని రావొద్దు.

ఎనిమిదో పని: గన్‌ని నిలబెట్టుకోవడం

పని అయ్యాక కంప్రెసర్ ఆపి, గన్ నొక్కి పైపులో గాలి పూర్తిగా వదిలి, అప్పుడు కప్లర్ ఊడదీయండి. గన్‌ని మేకుకి నాజిల్ కిందకి ఉండేలా తగిలించండి, లోపలి తడి కారిపోతుంది. వారానికోసారి ట్రిగ్గర్ పిన్ను దగ్గర, కప్లర్ స్లీవు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి తుడిచేయండి, ఉప్పు కూర్చోకుండా ఉంటుంది.

ట్రిగ్గర్ వదిలాక కూడా సన్నగా బుస్సుమంటుంటే గన్ పారేయకండి. వెనకవైపు నట్టు విప్పితే వాల్వు, స్ప్రింగు, ఓ రింగు అనే రబ్బరు వలయం బయటికొస్తాయి. ఎక్కువసార్లు అక్కడ ఇరుక్కున్న తుప్పు రవ్వో, టేపు ముక్కో ఉంటుంది. తుడిచి, ఓ రింగు గట్టిపడి ఉంటే అదే కొలతది కొత్తది వేసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. మళ్లీ మళ్లీ తుప్పు రవ్వలే వస్తుంటే అవి మీ ట్యాంకు లోపలినుంచి వస్తున్నట్టు. ట్యాంకు అడుగుభాగాన్ని తెలిసిన మనిషికి చూపించి, రేకు ఎంత మందం మిగిలిందో కొలిపించండి, ఆ పని అయ్యేదాకా ఆ కంప్రెసర్ని నడపొద్దు.